చింతపండుతో తోమిన నక్షత్రం

తార్నాకలో ఒక రెండో అంతస్తు వాటాలో ఒంటరిగా ఉండే రూతు గారు ఏటా నవంబరు ఒకటో తేదీన ఒక పతకాన్ని తోమేవారు. మర్నాడు సమాధుల పండుగ. తండ్రి యోహాను సమాధి మీద పూలు పరిచి, ఆ పతకాన్ని రాతిపై గంటసేపు ఉంచి, ప్రార్థన ముగిశాక రుమాలులో చుట్టుకుని తిరిగి తెచ్చి డబ్బాలో దాచుకునేవారు. ఆరు కోణాలతో ఇత్తడి రంగులో ఉండే నక్షత్రం అది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో పనిచేసినందుకు యోహానుకు వచ్చిందని ఇంట్లో చెప్పుకునేవారు. ఇత్తడి బిందెను తోమినట్టే దాన్నీ చింతపండుతోనూ జల్లించిన ఇటుకపొడితోనూ తోమేవారు. 1973లో తండ్రి పోయినప్పటినుంచి ఒక్క ఏడూ తప్పలేదు.

ఆమె జీవితంలో చెప్పుకోదగిన మలుపులు తక్కువ. యుద్ధం ముగిశాక తండ్రి తెనాలి ప్రాంతం నుంచి రైల్వే ఉద్యోగానికి లాలాగూడ వచ్చాడు. ఆమె ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. తాను చదివించిన తమ్ముడు తనకంటే ముందే పోయాడు. మిగిలింది బెంగుళూరులో ఉన్న మేనకోడలు హన్నా. తన తరువాత పతకాన్ని నువ్వే ఉంచుకోవాలని అడిగితే ఆ అమ్మాయి ఫోనులో, “ఫోటో తీసి పంపు అత్తా, చాలు. ఆ డబ్బా నేనెక్కడ పెట్టుకోను?” అన్నది. అందులో దురుద్దేశం లేదు. చూడని తాత మీద ప్రేమ పుట్టలేదంటే తప్పు పట్టడం న్యాయం కాదు. కాని తన తరువాత యోహాను పేరు పలికేవారెవరూ ఉండరని రూతు గారికి ఆ రోజు తెలిసింది.

విశ్వవిద్యాలయంలో పాత సైనికుల వస్తువులకు ఒక గది ఏర్పాటు చేస్తున్నారని విని, తండ్రి పేరు కింద రాస్తామంటే పతకం ఇస్తానని ఆమె ఉత్తరం రాశారు. వస్తువుమీద గాని, కాగితంమీద గాని ఆధారముంటేనే పేరు రాయాలన్నది ఆ గది నియమం. వచ్చినవాటిని పరీక్షించే పని, అక్కడే చరిత్ర బోధించి ఉద్యోగ విరమణ చేసిన నాకు అప్పగించారు.

ఆమె వచ్చిన రోజు ద్వారం దగ్గర కాపలా ఉన్న సమ్మయ్య ఊరకే పోనియ్యలేదు.

“ఏందమ్మా, గంత పైలంగ పట్టుకొచ్చినవ్? బంగారమా?”

“కాదయ్యా. మా నాన్న.”

“నాయినను డబ్బాల వెట్టుకొచ్చినవా? మంచిగున్నది! ఎండల నిలవడకు, పో, లోపట ఫ్యానున్నది.”

గది బాధ్యత చూసే అధ్యాపకురాలు సుధామయి పతకాన్ని గుడ్డమీద పెట్టి వెనక్కి తిప్పింది. భారత సైనికులకిచ్చిన ఈ నక్షత్రాల వెనుక సాధారణంగా నంబరు, పేరు, దళం అచ్చొత్తి ఉంటాయి. భూతద్దం కింద మాకు కనిపించింది నున్నటి లోహం. ఒక మూల అడ్డగీత లాంటిది మిగిలింది. అది అక్షరమో గీరో చెప్పలేము.

“ఇక్కడ అక్షరాలు ఉండేవా ఆంటీ?”

“ఉండేవమ్మా. చిన్నప్పుడు వేలితో తడిమేదాన్ని.” ఆమె కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. “ముందు కిరీటముంది కదా, అది అరుగుతుందేమోనని మెల్లగా తోమేదాన్ని. వెనకవైపే గట్టిగా... అక్షరాల సందుల్లో నలుపు చేరేది. అది పోయేదాకా తోమేదాన్ని.”

ఆ నున్నటి లోహాన్ని వేలితో ఒకసారి తడిమి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

సైన్యం కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాను. ఇల్లు మారినప్పుడు చెద పట్టిందన్నారు. ఇక మిగిలింది తల్లి చెప్పగా విని ఆమె దరఖాస్తులో రాసి తెచ్చిన కథ. గాయపడిన దొర ఒకణ్ణి యోహాను వీపున మోసి ఏరు దాటించాడు, అందుకే ఈ పతకం వచ్చింది అని. ఈ నక్షత్రాన్ని సాహసానికి ఇవ్వరనీ, ఆ రంగంలో పనిచేసిన వారందరికీ ఇచ్చారనీ చెప్పక తప్పలేదు.

“అయితే మా అమ్మ అబద్ధం చెప్పిందంటారా సార్?”

“అలా అనను టీచరుగారూ. ఆధారం లేదంటాను. ఈ సంగతి మీ నాన్నగారు తన నోట ఎప్పుడైనా చెప్పారా?”

“ఆయనా? ఆయన ఏం చెప్పేవారు! కంచర గాడిదలు తోలేవాణ్ణి అనేవారు, అంతే. ఆ గాడిదలు అరిచేవి కావంట. అదొక్కటే పదిసార్లు చెప్పారు. శత్రువు వింటాడని వాటికి మత్తిచ్చి గొంతులో ఏదో కోసేసేవారంట. దెబ్బ తగిలితే నోరు తెరిచేవంట సార్, చప్పుడు వచ్చేది కాదంట. అన్నం తినేటప్పుడు ఆ మాటలేంటని మా అమ్మ కసిరేది.”

నేను కలం కింద పెట్టాను. బర్మా అడవుల్లోకి చొచ్చుకుపోయిన దళాలు తమ గాడిదలకు నిజంగానే అలా చేశాయి. ఆ సంగతి అప్పట్లో తెనాలి పల్లెల్లో పుకారుగా తిరిగేది కాదు. ఇంకొకరి దగ్గర విని ఉండవచ్చు, కాదనను. దీన్ని రుజువు అనను. కాని గొప్ప కోసం కల్పించుకునే కథ ఇలా ఉండదు. ఇంట్లో వాళ్ళు వద్దన్న కథే ఆయన మాటకు బలమిచ్చింది.

యోహాను పేరును రుజువుగా కాక కుమార్తె మాటగానే పెట్టి, పతకం పక్కన ఉంచే చీటీ రాసి చదివి వినిపించాను: “వెనుక అచ్చొత్తిన పేరు చదవడానికి వీలులేదు. ఏళ్ళ తరబడి తోమడంవల్ల అరిగిపోయింది. ఇది బర్మాలో కంచర గాడిదలు తోలిన తన తండ్రి యోహానుదని కుమార్తె చెప్పారు. ఆయన చెప్పిన వివరం అక్కడి పరిస్థితులకు సరిపోతున్నది.” ఇందుకు ఇష్టం లేకపోతే పతకం వెనక్కి తీసుకుపోవచ్చనీ, అందులో చిన్నతనమేమీ లేదనీ చెప్పాను.

ఆమె కాగితం అందుకుని రెండుసార్లు చదివారు.

“తోమింది ఎవరో రాయలేదేం సార్?”

“అవసరం లేదనుకున్నాను.”

“రాయండి. రూతు అని రాయండి. తప్పు లెక్క కొట్టేసి పక్కన సంతకం పెట్టమని ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పాను.”

తన దరఖాస్తు దగ్గరికి లాక్కుని, సుధామయి దగ్గర స్కేలు అడిగి, దొరను ఏరు దాటించిన నాలుగు వరుసలనూ ఒక్కొక్కటే తిన్నగా కొట్టేశారు. చివరి వరుస దగ్గర చెయ్యి ఆగింది. అందులో ‘మా అమ్మ చెప్పింది’ అని ఉంది. దాన్నీ కొట్టేసి సంతకం పెట్టారు.

పతకాన్ని అద్దాల పెట్టెలో అమర్చారు. ఆమె లేవలేదు. ఇంటిదగ్గర ఎదురుచూసేవారెవరూ లేరు కనుక తొందరా లేదు.

“తాతగారు ఇంకేమైనా చెప్పేవారా ఆంటీ?” అని అడిగింది సుధామయి.

రూతు గారు అద్దాల పెట్టె వైపు తిరిగారు.

“ఒక గాడిదకి పేరు పెట్టుకున్నానన్నారమ్మా.”

“ఏం పేరు?”

“అడగలేదు,” అన్నారు. “అప్పుడేదో పనిలో ఉన్నాను.”