పాట ఎత్తుకున్న సునంద

హత్నూర దాటి కంపెనీ బస్సు పెద్దరోడ్డెక్కగానే వెనక సీట్లలోంచి ఎవరో ఒకరు అరుస్తారు. "డ్రైవరన్నా, ఐలన్నను పెట్టు!" పెట్టకపోతే తిడతారు. పెడితే వినకుండా పోట్లాడుకుంటారు. ఐలన్న పాటల్లోని మనుషులను బస్సులోని ఆడవాళ్ళు ఎప్పుడో తమ తమ ఇళ్ళకు పంచేసుకున్నారు. ఆ పంపకంలోనే ఎప్పుడూ పేచీ.

"గా మేకలు కాసే ముసల్ది మా మేనత్తనే. ఎన్నిసార్లు చెప్పాలె?" అంటుంది బక్కమ్మ.

"మీ మేనత్త నిన్ననే గదనే, అంగట్ల చింతపండు కాడ లొల్లి పెట్టుకున్నది? పాటల ముసల్ది సచ్చిపాయె!"

"సచ్చుడు కత కోసం పెట్టిండు. కడమదంతా మా మేనత్తనే."

బస్సంతా నవ్వుతుంది. కిటికీ పక్కన సునంద మాత్రం బయటికి చూస్తూ కూర్చునేది. పత్తిచేలు ఒక్కొక్కటే వెనక్కి జారి, గోడలు మొదలై, గోడల మీద ముళ్ళతీగ మొదలై, గాలిలో మందుల వాసన మొదలయ్యే దాకా ఆమె మాట్లాడేది కాదు. ఐలన్న పాటల్లో ఒకదాంట్లోని మనిషి ఎవరో ఆమెకు ఖాయంగా తెలుసు. తెలిసినవాళ్ళకు పేచీ ఉండదు.

ఐలన్న జోగిపేటలో మైకుసెట్టు కిరాయికిచ్చే మనిషి. పాటలు తనే కట్టి, తనే పాడి, ఫోన్లో పెడతాడు. గొంతేమీ గొప్పది కాదు, ఎప్పుడూ పడిశం పట్టినట్టుంటుంది. అయినా పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా షిఫ్టు బస్సుల్లో, మెస్సుల్లో, కిరాయి గదుల్లో ఆ గొంతే తిరుగుతుంది. తెలుగు రాని బీహారు పిల్లలు కూడా "ఐలన్న లగావ్" అంటారు. అతని పాటలో ఎవరూ ఊరికే ఏడవరు. ముందు పొయ్యి ఆర్పుతారు, కోళ్ళను గంప కింద కమ్ముతారు, చంటిదాని మీద దుప్పటి కప్పుతారు. ఆ తర్వాత గడపలో కూర్చొని ఏడుస్తారు. అందుకే విన్నవాళ్ళు ఆ ఏడుపును నమ్ముతారు.

సునంద చిన్నప్పటి నుంచి నాట్లలో పాట ఎత్తుకునేది. వంగిన నడుములన్నీ ఒక వరుసలో వెనక్కి జరుగుతుంటే ముందు ఆమె గొంతు లేచేది, మిగతా గొంతులు దాని వెంట నడిచేవి. ఆమె ఎత్తుకుంటే మడి తొందరగా నిండుతుందని ఊళ్ళో ఆసాములు కబురు పెట్టి మరీ పిలిచేవాళ్ళు. ఆ పొలాలు ప్లాట్లయ్యాయి. వరుస మాత్రం పోలేదు. బురదలోంచి లేచి పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ హాల్లోకి వచ్చి నిలబడింది.

ఆ హాల్లో ఎండ లేదు, వాన లేదు. తెల్ల గౌను, తలను కప్పే టోపీ, ముఖానికి మాస్కు. మనిషిలో కనిపించేవి కళ్ళు మాత్రమే. మందుగోలీల పట్టీలు బెల్టు మీద నదిలా వస్తుంటాయి, చేతులు వాటిని డబ్బాల్లోకి సర్దుతుంటాయి. నీళ్ళు తాగాలంటే బయటికి రావాలి. బయటికి రావాలంటే గౌను విప్పాలి, తిరిగి పోయేటప్పుడు చేతులు కడిగి కొత్త గౌను తొడగాలి. అంతసేపు బెల్టు ఆగదు, సూపర్‌వైజర్ ఊరుకోడు. అందుకని ఆడవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దున బస్సెక్కే ముందే నీళ్ళు మానేస్తారు. చల్లని గదిలో దూప తెలియదు. తెలియకపోవడమే మేలనుకున్నారు.

శివమ్మ సునంద పక్కనే నిలబడేది. మే నెలలో ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి, ఆ చల్లదనంలోంచి ఎండలోకి వచ్చి, గేటు దాటి, రోడ్డు మీద కూలబడింది. ఆటోలోనే ప్రాణం పోయింది. గేటు బయట పడింది కాబట్టి మాకు సంబంధం లేదంది కంపెనీ. గేటుకూ ఆమె పడ్డ చోటుకూ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉంది. ఆ జాగాలోనే శివమ్మ బతుకంతా ఎవరికీ కాకుండా పోయింది.

అప్పుడొచ్చాడు ఐలన్న. గేటెదురు చాయ్ బండి దగ్గర కూర్చునేవాడు. అంతకుముందు కెమెరాలతో వచ్చినవాళ్ళు శివమ్మ ఎలా చచ్చిపోయిందని అడిగి వెళ్ళారు. ఇతను సునందను ఇంకొకటి అడిగాడు.

"చెల్లె, తెల్లగౌను కింద ఆమె ఏ చీర కట్టేది?"

సునందకు ఒళ్ళు మండింది. "సచ్చినామె చీరతోని నీకేం పనన్నా?"

"సచ్చుడు అందరు సస్తరు చెల్లె. గా చీర ఆమె ఒక్కతే కట్టింది."

సునంద అతనికెదురుగా బల్ల మీద కూర్చుంది. తర్వాత చెప్పింది. ఆకుపచ్చది, అంచు దగ్గర కొడుకు సైకిల్ చైను మరక. ఎవరూ చూడరని తెలిసి కూడా రోజూ కుచ్చిళ్ళు సరిచేసుకొని గౌను తొడిగేదని చెప్పింది. చెబుతుంటే తనకే తెలియకుండా ఆ కుచ్చిళ్ళు తన వేళ్ళతో పెట్టింది. ఐలన్న రాసుకోలేదు. విన్నాడంతే.

వానలు మొదలయ్యాక పాట వచ్చింది. బస్సులో మొదటిసారి విన్నప్పుడు ఎవరూ పోట్లాడుకోలేదు.

తెల్లగౌను కింద ఆకుపచ్చ చీర
కంపెనీ కంటికి కానరాదు శివమ్మా
కండ్లొక్కటే చూపి కాలమెల్లదీస్తివి
గొంతుల దూప ఎవలకు చెప్పినవమ్మా

ఆ రోజు హాల్లో బెల్టు మొదలైన కాసేపటికి సునంద మాస్కు కింద ఒక కూనిరాగం కదిలింది. ఎత్తుకోవాలని ఆమె అనుకోలేదు. వరుస ఉంది, చేతులు కదులుతున్నాయి, గొంతు పాత అలవాటు కొద్దీ లేచింది. పక్క గొంతు అందుకుంది. ఎదురు వరుస అందుకుంది. మాటల్లేవు, పెదాలు కదల్లేదు. తెల్లని గదంతా ఒక తేనెతుట్టె అయింది.

సూపర్‌వైజర్ నవీన్ పరుగున వచ్చాడు. అతను ఎటు నడిస్తే అటు రాగం ఆగిపోయేది, అతని వీపు వెనక మళ్ళీ లేచేది. కళ్ళు తప్ప ఏమీ కనిపించని నలభైమందిలో గొంతును ఎలా పట్టుకోవాలి? ఏ మాస్కులైతే వాళ్ళను ఒకే అచ్చుగా మార్చాయో, అవే ఇప్పుడు వాళ్ళకు కోటగోడ. తర్వాత అది రోజూ సాగింది.

మర్నాడే విదేశాల నుంచి ఆడిట్ వాళ్ళు తనిఖీకి వస్తున్నారని తెలిసిన రోజు నవీన్ హాలు మధ్యలో నిలబడ్డాడు.

"అక్కా, చేతులు జోడిస్త. గా పాట బందు పెట్టుండ్రి. పైనోళ్ళు పరేషాన్ చేస్తుండ్రు. వచ్చినోళ్ళు గదేం పాటని అడిగితే నేనేం చెప్పాలె?"

"శివమ్మ పాటని చెప్పు సార్." ఏదో ఒక మాస్కు లోంచి వచ్చింది.

నవ్వు బయటికి రాలేదు కానీ కళ్ళన్నీ సన్నబడ్డాయి. అందరికంటే ఎక్కువగా సన్నబడినవి శ్రీదివ్యవి. కొత్తగా చేరిన పిల్ల. శివమ్మ నిలబడిన చోట ఇప్పుడు ఆమే నిలబడుతుంది. నవీన్ ఆ కళ్ళను చూశాడు. గొంతును పట్టలేనివాడు కళ్ళను పట్టుకున్నాడు.

"నువ్వేనా? పాట మొదలుపెట్టేది నువ్వేనా? షిఫ్టు అయినంక కార్డు ఇచ్చిపో. రేపటి నుంచి రావద్దు."

శ్రీదివ్య చేతుల్లోంచి పట్టీ జారింది. ఆ పిల్లకు పాట సగమే వచ్చు. తండ్రి మంచాన పడ్డాక చదువు మధ్యలో ఆపి వచ్చింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే. సునంద ఇంట్లో మాత్రం ఏముంది? ఎండిన బోరు, దాని పక్కన రోజూ కూర్చొని వచ్చే మొగుడు కొమురయ్య, ఇంటర్ చదివే కూతురు. నోరు మూసుకుంటే తన నౌకరీ ఉంటుంది, ఒప్పుకుంటే ఆ పిల్లది నిలుస్తుంది. రెండూ నిలిచే దారి ఆ హాల్లో లేదు.

ఆమె చెయ్యి మాస్కు దాకా వెళ్ళి ఆగింది. అక్కడ మాస్కు తీస్తే ఆ పూట సర్దిన గోలీలన్నీ పనికిరాకుండా పోతాయి. ఎవరి బిడ్డ జ్వరానికో పోవలసిన గోలీలు. శివమ్మ చేతులు కూడా అవే సర్దాయి. చెయ్యి దించింది. బెల్టు మీది చివరి పట్టీ డబ్బాలోకి వెళ్ళే దాకా పని చేసింది. శ్రీదివ్య ఏడుస్తోంది. మాస్కు పైఅంచు తడిసింది.

మధ్యాహ్నం క్యాంటీన్లో అందరూ టిఫిన్లు విప్పారు. నవీన్ అటు మూల బల్ల దగ్గర తన వాళ్ళతో కూర్చొని తింటున్నాడు. సునంద డబ్బా విప్పలేదు. నడిమి బల్ల పక్కకు వచ్చి నిలబడి, కొంగు నడుముకు చుట్టి, ముఖం మీద ఏ గుడ్డా లేకుండా, నాట్లలో పొలం ఆ కొసకు వినిపించేలా ఎలా ఎత్తుకునేదో అలా ఎత్తుకుంది. ఈసారి రాగం కాదు, మాటలు. ఆకుపచ్చ చీర, సైకిల్ చైను మరక, కుచ్చిళ్ళు, దూప. గోడకు తగిలి, రేకులకు తగిలి, ఆ పాట తిరిగొచ్చి తినేవాళ్ళ కంచాల్లో పడింది. బీహారు పిల్లలు రొట్టె చేతిలో పట్టుకొని లేచి నిలబడ్డారు.

పాట అయ్యాక నవీన్ దగ్గరికి వెళ్ళింది.

"చూసినవా సార్? నేను. గా పిల్లకు పాటనే రాదు."

నవీన్ ముఖం నల్లబడింది. గొంతు తగ్గించాడు. "అక్కా, నేను గూడ గా పాట ఇంటుంట. కార్ల. నేనేం చెయ్యాలె చెప్పు?"

"కార్ల అద్దాలు ఎక్కించుకొని ఇంటున్నవా, దించుకొనా?"

అతను సగం తిన్న టిఫిను మూశాడు. గేటు దగ్గర సునంద కార్డు తీసుకున్నారు. శ్రీదివ్యది తీసుకోలేదు.

ఇంట్లో కొమురయ్య తల పట్టుకున్నాడు. "పాట కోసం నౌకరి పోగొట్టుకున్నదాన్ని నిన్నే సూస్తున్న. గా ఐలన్న వచ్చి తిండి పెడ్తడా?"

"బోరుకాడ కూసుంటే నీళ్ళొస్తయా? నువ్వు పోతలేవా రోజు? నన్నేమనకు."

కొమురయ్య తల మీంచి చేతులు తీశాడు. కాసేపటికి వెళ్ళి పొయ్యి ముట్టించాడు. ఆ ఇంట్లో అదే రాజీ.

మర్నాడు మధ్యాహ్నం బక్కమ్మ ఫోను చేసింది. గొంతులో పూనకం.

"సునందా, ఇనే! పొద్దుగాల శ్రీదివ్య చేతులెత్తి నిలబడ్డది. సార్, దూపైతుంది, బయటికి పోత అన్నది. జల్దీ రా అన్నడు. అంతల నాకు గూడ దూపైంది. నాకైనంక లైనంతా అయింది! గౌన్లు ఇప్పినం, నిమ్మళంగ తాగినం, మల్ల తొడిగినం. బెల్టు ఒక్కటే తిరుగుతున్నది, పట్టీలన్నీ కింద. నవీన్ సార్ ఏరుకుంటుండు!"

"ఆడిటోళ్ళు?"

"ఆళ్ళున్నరు గద! నీళ్ళకే బయటికొచ్చిన్రా అని ఒక్కామె అడిగింది. ఏందో రాసుకున్నది. ఇగ ఎవ్వలు మమ్మల్ని ఆపుతలేరు."

సునంద ఫోను పక్కన పెట్టి చేట ముందుకు లాక్కుంది. బియ్యం ఏరుతూ ఏదో గొణిగింది. గొణుగుడు మాటలైంది, మాటలు పాదాలయ్యాయి.

ఇప్పుడామె అదే రోడ్డులో ఇంకో కంపెనీ వాళ్ళ మెస్సులో రొట్టెలు చేస్తుంది. జీతం తక్కువ, పొగ ఎక్కువ. షిఫ్టు మారే వేళకు పాత గేటు ముందుకు వచ్చి నిలబడుతుంది. అది సర్కారు రోడ్డు. శివమ్మ పడ్డ జాగా ఎవరిదీ కాదన్నారు కదా, అయితే తనదేనంటుంది. వాచ్‌మన్ మొదట్లో కసిరేవాడు, ఇప్పుడు స్టూలు జరుపుతాడు.

అక్కడే ఒక సాయంత్రం ఐలన్న మోపెడ్ ఆపాడు.

"చెల్లె, అంత ఇన్న. నీ మీద పాట కడ్త."

"వద్దన్నా."

"ఎందుకు? మంది అడుగుతున్నరు."

"అడగనీ. నాకు నోరున్నది. నా ముచ్చట నేనే చెప్పుకుంట. నువ్వు నోరు లేకుంట పోయినోళ్ళను సూడు. ఈ గోడల పొడుగున ఎంతమంది లేరు?"

ఐలన్న తల వంచాడు. వందలమంది చప్పట్లు విన్న మనిషి, ఆ గేటు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "మరి శివమ్మ పాటల ఏమన్న తప్పున్నదా?"

"ఉన్నది. ఆమెను ఈడ పడగొట్టి ఊకున్నవ్. అయినంక మేము ఊకున్నమా? గది నీ పాటల లేదు. నేను ఒక చరణం కట్టిన. ఇగ నుంచి అదిగూడ కలిపి పాడాలె."

"పాడు, ఇంట."

దూప తీరంగ తాగినం శివమ్మా, నీ పేరు మీద తాగినం
బెల్టునిడిచి లేసొచ్చి, సార్ సూస్తుండంగనే కడుపునిండ తాగినం

ఐలన్న కళ్ళు మూసుకొని తొడ మీద వేళ్ళతో దరువు వేశాడు. రెండో పాదం దగ్గర వేళ్ళు తడబడ్డాయి.

"మంచిగున్నది చెల్లె. కని తాళం తప్పుతున్నది. జెర కుదించాలె. 'సార్ సూస్తుండంగనే' తీసేస్తే సరిపోతది."

"అదే తీసేస్తవా?" సునంద నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "తాళం తప్పితే తప్పనీ అన్నా. అది మాత్రం పోదు."

లోపల గంట మోగింది. గేటు తెరుచుకొని ఆడవాళ్ళు గుంపుగా బయటికి వస్తున్నారు. ఐలన్నను గుర్తుపట్టి కేకలు వేస్తూ చుట్టూ మూగారు. బక్కమ్మ అప్పుడే మేనత్త సంగతి ఎత్తుకుంది. సునంద ఆమెను ఆగమని చెయ్యి చూపి, గొంతు సవరించుకొని, కొత్త చరణం మొదటి నుంచి అందుకుంది. రెండో పాదం దగ్గర తాళం మళ్ళీ తప్పింది. ఆడవాళ్ళందరూ కలిసి ఆ తప్పు మీదే గట్టిగా కాలు వేశారు. వాళ్ళ మధ్యన నిలబడి, ఆ ఒక్కసారికి వాళ్ళ వెంట నడిచే గొంతై, ఐలన్న వంత పాడాడు.