ఎగరకూడని దుప్పటి

టి. నగర్‌లో చీరల కొట్టులో పనిచేసే రోజుల్లో నేను ఒక చీర విప్పి విసిరితే, ఆ గాలికి ఎదుటి వరసలో గాజుల బండి అతని గొడుగు ఎగిరిపోయేది. నమ్మరు కదా? సరే, గొడుగు కొంచెం కదిలేది. విసరడం మాత్రం నిజం. మడత చీరను వేళ్ళ కొసలతో పట్టి, మోచేతులు పైకెత్తి ఒక్క విదిలింపు విదిలిస్తే అది గాల్లో నిండుగా తెరుచుకుని, కొనడానికి వచ్చినవాళ్ళ ముందు వాలాలి. ఆ తర్వాత కొంగు నా భుజాన వేసుకుని చూపించాలి. మా ఉద్యోగమంటే అదే.

అలాంటి నాకు నర్సు కావాలన్న బుద్ధి పుట్టింది మా నాయన కడుపు ఆపరేషనప్పుడు. ఆసుపత్రిలో పక్కకు ఒత్తిగిలాలంటే ఆయనకు ప్రాణం పోయినంత పని. పొద్దున దుప్పటి మార్చే వేళ అవుతోందంటే ముందే కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. ఒకరోజు కొత్త నర్సమ్మ వచ్చింది. ఆయన మంచం మీద ఉండగానే, లేపకుండా, కుదపకుండా పాత దుప్పటి తీసి కొత్తది వేసి వెళ్ళిపోయింది. కాసేపటికి నాయన కళ్ళు తెరిచి, "దుప్పటి ఎప్పుడు మారస్తారంట?" అని అడిగాడు. ఈ మాటలో నేను కలిపింది ఏమీ లేదు. అలాంటి చేతులు నాకూ కావాలనిపించింది.

నర్సింగ్ స్కూల్లో చేరాను. క్లాసులో పిల్లలందరికీ నేను అక్కనే. పుస్తకాల చదువు బట్టీ పట్టి గట్టెక్కాను. నా కొంప ముంచింది ప్రాక్టికల్ పరీక్ష. రోగి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చి చూపించాలి. దుప్పటిని ఎప్పుడూ విదిలించకూడదు, అందులోని దుమ్మూ క్రిములూ లేచి రోగుల పుళ్ళ మీద పడతాయి. ఈ నియమం నన్ను నిద్రలో అడిగినా చెప్పేదాన్ని. కానీ పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడం "మొదలుపెట్టు" అన్నారో లేదో, ఉతికిన గుడ్డ మడత నా వేళ్ళకు తగిలింది. మోచేతులు వాటంతటవే లేచాయి.

ఇంటికి వెళ్ళి నేను చెప్పిన కథ ప్రకారం, సీలింగ్ ఫ్యాను ఆ దుప్పటిని లాక్కుని ఓణీలా చుట్టుకుంది, మేడం తుమ్ముకు పక్క వార్డులో పసిపిల్లలు లేచి ఏడ్చారు. నిజానికి దుప్పటి ఫ్యాను దాకా పోనేలేదు. తుమ్ము మాత్రం నిజం. ఫెయిలయ్యాను.

రెండోసారి చేతులు ఒంటికి అతికించుకుని పనిచేశాను. దుప్పటి ఎగరలేదు. గండం గడిచిందన్న సంతోషంలో, రోగి మీద కప్పాల్సిన పై దుప్పటి అంచు తీసి నా భుజాన వేసుకుని, మేడం వైపు తిరిగి నవ్వుతూ నిలబడ్డాను. రోగికి వేసే శుభ్రమైన బట్ట నర్సు యూనిఫారానికి తగలకూడదు. మేడం నన్ను కిందికీ మీదికీ చూసి, "అంచు బాగుంది. ధరెంత?" అని తమిళంలో అడిగారు. మళ్ళీ ఫెయిల్.

"ఇంకొక్క అవకాశమే. అదీ పోతే ఇంటికే" అని ప్రిన్సిపాల్ చెప్పేశారు. కొట్టులో నా చోట అప్పటికే వేరే అమ్మాయి చీరలు విసురుతోంది. వెనక్కి పోయే దారి కూడా లేదు.

వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంట్లో ఉన్నది ఒకటే మంచం. మా మేనత్త దాని మీద కూర్చుని అంతా విని, "ఏమే, తప్పంతా నీ చేతులదే కదా? వాటిని కట్టేస్తే సరిపోలా?" అంది. లేచి పెట్టెలోని తన పావడాకు ఉన్న బొందు లాగి, నా మోచేతులు రెండూ నడుముకు చేర్చి బిగించింది. మళ్ళీ తనే రోగిలాగా పడుకుంది. నాయన స్టూలు మీద మేడంలాగా కూర్చున్నాడు.

కొత్త దుప్పటిని పొడుగునా కుచ్చిళ్ళు పెట్టి, పక్కకు తిరిగి పడుకున్న మనిషి వీపు వెంబడి ఆనించాలి. తర్వాత మనిషిని ఇటు తిప్పి, అటునుంచి ఆ కుచ్చిళ్ళు లాగాలి. కుచ్చిళ్ళు నాకెవరూ నేర్పక్కర్లేదు. అత్తను తిప్పడమే కష్టం.

"అయ్యయ్యో, నన్నేంది పరోటా మాదిరి తిప్పతా ఉండావు?"

"పేషెంటు అట్ట అరవకూడదత్తా."

"పేషెంటుకు నోరు పడిపోయినాదా ఏంది? రేయ్ తమ్ముడూ, నీ కూతురు నన్ను కింద పడేస్తా ఉంది చూడరా!"

"నాకు ఆపరేషనయినప్పుడు నేనిట్ట అరిచినానా అక్కా?" అన్నాడు నాయన.

"నువ్వు అరిచిన అరుపుకు ఆడ గోడలకు బీటలు పడినాయి. సరి, సరి, తిప్పవే."

నా కథలకు ఎవరి పోలిక వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

ఆఖరి పరీక్షకూ ఆ మేడమే వచ్చారు. మంచం మీద కడుపు ఆపరేషనైన పెద్దావిడ. మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని, "నన్ను కదిలించొద్దు తల్లీ" అంటూ కళ్ళు మూసుకుంది. ఆ మూసుకోవడం నాకు తెలుసు. నడుముకు బొందు లేదు గానీ, మోచేతుల దగ్గర అది బిగిసే ఉన్నట్టుంది.

చేతులకే కదా కట్టు, నాలుకకు కాదు. చేయబోయేదంతా ఆవిడకు చెప్పి, అరవంలో అవ్వను పిలిచినట్టు "పాటీ, మా చీరల కొట్టుకు ఒక పెళ్ళికూతురు వచ్చింది" అని మొదలుపెట్టాను. "బీరువాలన్నీ ఖాళీ చేయించింది. ఒక్కటీ నచ్చలేదు. చివరికి నేను కట్టుకున్న చీరే కావాలని పట్టుబట్టింది."

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "అయ్యో! ఏ రంగు?"

"మెల్లిగా అటు ఒత్తిగిలండి, చెప్తాను."

కమ్మీ వదిలి, నా చెయ్యి ఆసరా చేసుకుని ఒత్తిగిలింది. పెళ్ళికూతురు అలిగి ముహూర్తం తప్పేదాకా వచ్చేసరికి కుచ్చిళ్ళు ఆవిడ వీపు వెనక చేరాయి. పెళ్ళికూతురి తల్లి నా కాళ్ళ మీద పడేసరికి ఆవిడను ఇటు తిప్పి, అటునుంచి లాగేశాను. కథా దుప్పటీ ఒకేసారి ముగిశాయి. ఏదీ ఎగరలేదు, నా భుజమూ ఖాళీగానే ఉంది.

మేడం వంగి దుప్పటి మూలలు చూశారు. ఏదో రాసుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "ఇంతకీ ఆ చీర ఇచ్చేశావా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు, "వద్దులే, నువ్వు పాస్" అని వెళ్ళిపోయారు. వరండా మెట్ల మీద కూర్చుని, సీసాలో నీళ్ళన్నీ తాగి, ఊరికే గాలి పీల్చుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పాలంటే దానికి కథ అల్లడం నాకింకా చేతకాలేదు.

ఇంటికెళ్ళి, "నేను పాసయినాను" అన్నాను. ఇద్దరూ మిగతాది వినడానికి సర్దుకుని కూర్చున్నారు.

"ఫ్యానేమయింది?" అంది అత్త.

"తిరగతా ఉండాది."

"మేడం తుమ్మలేదా?"

"లేదత్తా."

అత్త నాయన వైపు తిరిగింది. "రేయ్, ఇది ఏమీ కలపకుండా చెప్తా ఉందిరా. నిజంగానే పాసయినాది!" అంది. నాయన మంచం మీద వెల్లకిలా పడుకుని హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

"సరి," అంది అత్త చెయ్యి చాపుతూ, "ఇంక నా పావడా బొందు నాకిచ్చెయ్యవే."