ఒకే గోడకు రెండు వరదలు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో, నిలిచిన నీటి మట్టం ఎక్కడైనా సమానంగానే ఉంటుందని నాకు గట్టి నమ్మకం. డిప్లొమాలో మూడేళ్ళు నేర్పింది ముఖ్యంగా అదే. (మిగతాది కాంక్రీటు.) ఆ నమ్మకంతోనే వాకాడు వైపు స్వర్ణముఖి ఒడ్డునున్న ఒక ఊరికి వెళ్ళాను. పని చిన్నదే: కిందటి వరదలో నీళ్ళు ఇళ్ళల్లో ఎంత ఎత్తుకు వచ్చాయో కనుక్కోవాలి, గోడ మీద ఎర్ర గీత గీయాలి, ఆ ఎత్తు ఆఫీసుకు చెప్పాలి. దాన్నిబట్టే ఏటి కట్ట ఎంత పెంచాలో నిర్ణయిస్తారు. గీత కిందికి జారితే వచ్చే వానలకు ఆ వీధి మళ్ళీ మునుగుతుంది. మరీ పైకి పోతే అంచనా పెరిగి, కట్ట కాగితం మీదే ఉండిపోతుంది.

ఒడ్డు వీధిలో మొదటి ఇల్లు ఇద్దరు తోడికోడళ్ళది. మధ్యలో గోడ పెట్టి ఇల్లు పంచుకున్నారు, తర్వాత మాటలు కూడా మానుకున్నారు. పెద్దకోడలు మోకాలి మీద చెయ్యి పెట్టి, "ఇంతమటుకు వచ్చినాయి సారూ" అంది. గోడకు అటువైపు వెళితే చిన్నకోడలు నడుము చూపించింది. "అవతల మోకాలేనన్నారమ్మా" అన్నాను. (అనకూడని మాట.) "ఆమెకేంది సారూ, నీళ్ళు కూడా ఆమె ఇంటికి మర్యాదగా వస్తాయి. మాకే మీదబడి వచ్చినాయి" అంది. ఆ మాట గోడ దాటింది. పెద్దకోడలు గబగబా వచ్చి, "మోకాలన్నది పొద్దున సంగతి సారూ. మాపటికి గుండెలమటుకు వచ్చినాయి" అంది. చిన్నకోడలు మెడ మీద చెయ్యి పెట్టింది. పెద్దకోడలు అటక వైపు చూసింది. ఈలోగా పక్కిళ్ళ వాళ్ళూ పోగై, తమ వరదను ఎవరికీ తగ్గనివ్వలేదు. సాయంత్రానికి ఆ వీధిలో వరద, నేను వచ్చినప్పటికంటే నాలుగడుగులు పెరిగింది. వాన చుక్క లేదు.

ఇక శాస్త్రమే శరణ్యమనుకుని, మట్టం చూడ్డానికి మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం పట్టుకుని, ఒకే గోడకు రెండు పక్కలా రెండు మట్టాలు ఉండవని చూపించాను. "నీ గొట్టంలో నీళ్ళు బుద్ధిగా ఉండాయిలే అబ్బయ్యా, మా ఏట్లో నీళ్ళు అట్టాటివి కాదు" అన్నాడొక పెద్దాయన. అందరూ ఒప్పుకున్నారు. అప్పుడు అరుగు మీద చింతపండులో గింజలు తీస్తున్న ఆ ఇద్దరి అత్తగారు తల ఎత్తకుండానే, "మీరెవురే చూసినారు నీళ్ళు? ముందు రోజే అందరం బడికాడికి పోతిమి గదా! మూడు పూటలా ఉప్మా తిని, నీళ్ళు తీసినాకనే గదా వస్తిమి!" అంది. వీధి మొత్తం కాసేపు తన కాళ్ళ వంక చూసుకుంది.

గోడలకు సున్నం వేసేశారు, మరకలు లేవు. చివరికి నలుగురి సాయంతో రెండిళ్ళ ఇనుప బీరువాలనూ వెనక్కి తిప్పించాను. రెండింటి వీపు మీదా తుప్పు చార. ఒకే ఎత్తులో, నడుముకు కాస్త కింద. "అంటే మాకూ వాళ్ళకూ ఒకటేనా?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఇల్లు పంచుకున్నాక వాళ్ళిద్దరి నోటా ఒకే మాట రావడం అదే మొదలని అత్తగారు చెప్పింది.

గీత గీశాను. కట్ట పెరిగింది. మరుసటి ఏడు ఏరు పొంగి, కట్ట దగ్గరే ఆగి, తగ్గిపోయింది. చూడ్డానికి వెళ్ళిన నాకు చిన్నకోడలు దోసె పెడుతూ, "ఏం కట్ట సారూ, చుట్టాలకు చెప్పుకుందామంటే ఈసారి ఏమీ లేకపాయ" అంది. గోడ అవతలి నుంచి, "అవును సారూ" అని వినిపించింది.

ఆ రోజు తిరుగు దారిలో ఒక వాగు చప్టా మీద పారుతున్న నీళ్ళలో బైకు నెట్టుకుంటూ దాటాను. నీళ్ళు మోకాళ్ళ దాకా. ఆఫీసులో ఈ సంగతి చెప్పిన మొదటి ఏడాది అవి మోకాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు చెబుతుంటే చెయ్యి దానంతటదే పక్కటెముకల దగ్గరికి వెళుతోంది. కిందటి వారం, కొత్తగా చేరిన కుర్రాడొకడు శ్రద్ధగా విని, "నేల నుంచా సార్, చెప్పుల మీద నుంచా?" అన్నాడు. ఆ వయసులో నేనూ సరిగ్గా అదే అడిగి ఉండేవాణ్ణి.

"చెప్పులు కొట్టుకుపోయాయి" అన్నాను.