అసిరమ్మకు వచ్చిన ఫోను

కళింగపట్నంలో అసిరమ్మ ఎండుచేపలకు మంచి పేరుంది. ఆమె నోటికి అంతకన్నా పెద్ద పేరుంది. సంతలో ఆమె బుట్ట దించితే పక్కవాళ్లు తమ బుట్టలు జరుపుకోవలసిందే. అలాంటి మనిషి తోటికోడలు దుర్గను చూసి కళ్లలో నిప్పులు పోసుకునేది. దుర్గ చేసిన తప్పేమీ లేదు. దుర్గకు మొగుడున్నాడు, అంతే.

అసిరమ్మ మొగుడు గంగరాజు గ్యాసనుకుని సోడాలు తాగుతూ కూర్చున్నాడు. కడుపులో క్యాన్సరని తేలేసరికి చేయి దాటిపోయింది. అతను పోయిన మరుసటి ఏడాది ఊళ్లోకి పరిశోధన చేసే డాక్టర్లు వచ్చారు. ఆ జబ్బుతో పోయినవాళ్ల రక్తసంబంధీకుల దగ్గర నెత్తురు తీసుకున్నారు. గంగరాజు తమ్ముడు, దుర్గ మొగుడు భాస్కర్ కూడా ఇచ్చాడు. తన ఫోను సముద్రంలో పడిపోయింది, దుర్గకు ఫోను లేదు, అందుకని వదిన నంబరు చెప్పాడు.

ఆ డాక్టర్ల నర్సు ఉష ఆ నంబరుకే ఫోన్ చేసింది.

"నెత్తురులో ఆర్‌ఎన్‌ఏ అని సన్నటి ముక్కలుంటాయమ్మా. వాటిలో కొన్ని ప్రోటీను తయారు చేయవు. కానీ కడుపులో రోగం మొదలైతే వాటి లెక్క మారొచ్చు. మీ మరిదికి మారింది. రోగం ఉన్నట్టేనని కాదు, నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూస్తేనే తెలుస్తుంది. తొందరగా తీసుకురండి."

అసిరమ్మ సరేనంది. ఎవరికీ చెప్పలేదు. నా మొగుడికి రాని ఫోను వీడికెందుకు రావాలి? దుర్గ నుదుటి కుంకుమ కనబడినప్పుడల్లా, ఇదీ నాలాగే అయితే తెలిసొస్తుంది అనుకుంది. పాపిష్టి ఆలోచనే. కానీ ఒంటరితనం మనిషిని అంతదాకా లాక్కుపోతుంది.

దుర్గ సంతకెళ్లిన రోజున, చేపల వేట నుంచి వచ్చిన భాస్కర్‌కు అసిరమ్మే అన్నం పెట్టింది. అతను నాలుగు ముద్దలు తిని కంచం తోసేశాడు.

"సాలొదినా. కడుపు నిండిపోనాది."

గంగరాజూ అలాగే తోసేసేవాడు. అసిరమ్మ భాస్కర్ రెక్క పట్టుకుంది.

"లెగరా! ఆస్పత్రికి పద!"

"ఏటొదినా, ఏటైనాది?"

"పదమంటే పద!"

గొట్టం వేసి చూస్తే క్యాన్సరే, కానీ పుండు చిన్నదే. మొదట్లోనే దొరికింది. ఆపరేషన్ చేశారు, భాస్కర్ బతికాడు.

ఇంటికొచ్చిన రోజు దుర్గ అక్క వరసైన అసిరమ్మ కాళ్లమీద పడింది. "అప్పా, నా బొట్టు నిలబెట్టినావు."

అసిరమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది. "ఆస్పత్రోళ్ల ఫోను ఎప్పుడో వచ్చినాదే. నానే సెప్పనేదు. నువ్వూ నాలాగైపోవాలనుకున్నాను. ఇప్పటికీ నిన్ను సూస్తే కుళ్లే."

దుర్గ మొహం పాలిపోయింది. చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆకరికి సెప్పినావు కదప్పా."

అసిరమ్మ బావురుమంది.

"నాకెవలూ సెప్పనేదే దుర్గా! నాకెవలూ సెప్పనేదు."