నేను వాయిదా వేసిన పరీక్ష

మొగుళ్లపల్లి చుట్టుపక్కల ఊళ్లలో నర్సుగా తిరుగుతూ పదిహేనేళ్లు దాటింది. ముప్పై నిండిన ఆడవాళ్లకు నచ్చజెప్పి గర్భసంచి ముఖద్వారం పరీక్షకు తీసుకురావడం నా పనుల్లో ఒకటి. ఆ రోజు పత్తి ఏరడం ఆపి అన్నం తింటున్న కూలీల పక్కన కూర్చుని, ఎప్పటిలాగే మొదలుపెట్టాను.

కొన్ని రకాల బాక్టీరియా చేరితే అక్కడి కణాలు వాస్తాయి, మంట, తెల్లబట్ట కనిపిస్తాయి. పట్టించుకోకపోతే ఆ బాక్టీరియా పైకి పాకి గర్భనాళాలను పాడుచేస్తాయి. ఒక వైరస్ కూడా ఉంది, ఆలుమగల కలయికలో ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది, చప్పుడు చేయదు. ముఖద్వారం కణాల అడుగు పొరలో చేరి కూర్చుంటుంది. చాలామందిలో శరీరమే దాన్ని తరిమేస్తుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోయి, ఆ కణాలు పెరిగే తీరునే మార్చేస్తుంది. ముందే పట్టుకుంటే క్యాన్సర్ దాకా పోదు.

యాభైకి దగ్గరున్న ఒక అక్క అన్నీ విని, టిఫిన్ మూత పెడుతూ అడిగింది.

"గంత మంచి పరీక్షయితే నువ్వు చేయించుకున్నవా సిస్టరమ్మా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. "లేదక్కా" అన్నాను.

"మరి మమ్ములెందుకు పరేషాన్ చేస్తున్నవ్? నువ్వు చేయించుకో. నీ ఎంబడి నేనొస్త."

ఆ వారంలోనే ఇద్దరం చిట్యాల దవాఖానకు వెళ్లాం. ఎందరివో చేతులు పట్టుకుని పక్కన నిలబడిన బల్ల మీద, ఆ రోజు నేను పడుకున్నాను. డాక్టరమ్మ వెనిగర్ లాంటి ద్రవం దూదితో అద్ది, కాసేపు ఆగి చూసింది.

"ఒక పక్క తెల్లగా మారింది. వరంగల్ పంపిస్తాను, చిన్న ముక్క తీసి చూస్తారు."

"భయపడకు" అని అందరికీ చెప్పే మాట నాకు నేను చెప్పుకుంటే పనిచేయలేదు. నా తర్వాత అక్కనూ చూశారు. మచ్చేమీ లేదు, ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన వాపు మాత్రమే. మాత్రలు తీసుకుని, తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుంది.

వరంగల్‌లో ముక్క తీశారు, రిపోర్టు వచ్చింది. కణాలు మారుతున్నాయి కానీ ఇంకా క్యాన్సర్ కాదు. ఆ భాగాన్ని అతి చల్లటి గ్యాస్‌తో గడ్డకట్టించి చంపేస్తే సరిపోతుందన్నారు. ఆ సాయంత్రం మావారికి అంతా చెప్పాను. ఆయన తల వంచుకుని, "నాతోటి వచ్చిందా?" అన్నాడు.

వారం రోజులుగా నేను ఆయన్ని అడగాలనుకుని మింగేసిన మాట అదే. ఆ వైరస్ ఎన్నేళ్లయినా కదలకుండా పడి ఉంటుందనీ, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా తేల్చదనీ డాక్టరమ్మ ముందే చెప్పింది.

"ఎవలకు తెలుస్తది? రేపు నాతోటి వరంగల్ రా, గంతే" అన్నాను.

వచ్చాడు. నన్ను లోపలికి తీసుకెళ్లినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడట. ఏడాది తర్వాత చేసిన పరీక్షలో కణాలన్నీ మామూలుగా ఉన్నాయి.

ఆ ప్రశ్నను మేం మళ్లీ ఎత్తలేదు. జవాబు లేదని తెలిసినా, ఆయన చొక్కాలు మడత పెడుతున్నప్పుడు ఒక్కోసారి మనసులోకి వస్తుంది. కాసేపుంటుంది, పోతుంది. నేను మడత పెట్టడం ఆపను.