నా కంప్యూటర్‌లో లేని బోల్టులు

మా మేనమామ చెరకు మిషన్‌ను నేనొక రంగుల బొమ్మతో పగలగొట్టాను. సుత్తి ముట్టుకోలేదు, ఒట్టు. ఎలాగో చెబుతాను, మీరు నిస్సంకోచంగా నవ్వుకోండి. మా చుట్టాలెవరూ ఇప్పటికీ మొహమాటపడటం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. తిరుపతిలో ఎం.టెక్. చదువుతున్నాను. వెల్డింగ్ చేసిన ఇనుములో మిగిలిపోయే ఒత్తిడిని కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా ప్రాజెక్టు. అతికిన చోట ఇనుము చల్లారుతూ ముడుచుకోవాలని చూస్తుంది, పక్కనున్నది ముడుచుకోనివ్వదు. ఆ పెనుగులాట లోపలే ఉండిపోయి ఒక్కోసారి అతుకునే పగలగొడుతుంది. ఇంత తెలిశాక నా కాళ్లు నేల మీద ఆనడం మానేశాయి.

వడమాలపేట దగ్గర మా మామ చెంగల్రాయులు బెల్లం వండేవాడు. సీజన్ నడుమ చెరకు పిండే మిషన్‌కు రోలర్లను పట్టి ఉంచే పక్కచట్రం పగిలింది. అసలే పోత ఇనుము, ఓ పట్టాన అతుక్కోదు. కోసిన చెరకంతా కుప్పపడి ఉంది. నాలుగైదు రోజులు దాటితే రసం పులిసి బెల్లం గడ్డకట్టదు, ఏడాది కష్టం నేలపాలు. పుత్తూరు నుంచి వెల్డర్ ఖాదర్ బాషా వచ్చి చట్రం చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"బోల్టులిప్పి దించల్లన్నా. బొగ్గుల్లో కాంచి, రవ్వంత రవ్వంత అతికిచ్చి, బూడిదలో పూడ్సి నిదానంగా సల్లార్సల్ల. రెండు దినాలు పడతాది" అన్నాడు మామతో.

ఈ కంప్యూటర్ కాలంలో బూడిదేమిటని నాకు నవ్వొచ్చింది. ఒక్కరోజు ఆగమని, టేపుతో చట్రం కొలుచుకుని తిరుపతికి పరుగెత్తాను. ఉన్నచోటే, ఒక్క ఊపున అతికిస్తే ఏమవుతుందో లెక్క వేశాను. బొమ్మంతా నీలం రంగు వచ్చింది. నీలమంటే భయం లేదని అర్థం. మర్నాడు ఆ కాగితాన్ని పెళ్లిపత్రికలా రెండు చేతులా పట్టుకుని బస్సు దిగాను.

బాషా దాన్ని చాలాసేపు చూసి, ఇది ఖాయమా అని అడిగాడు. కంప్యూటర్‌కు అబద్ధాలు రావని నేను భరోసా ఇచ్చాను. మామ బొమ్మను చూశాడు, చెరకును చూశాడు, చదువుకున్న మేనల్లుణ్ణి చూశాడు. వాడు చెప్పినట్టే కానిమ్మన్నాడు.

బోల్టులు విప్పకుండానే పని ముగిసింది. టీ తాగుతూ నీలం రంగు మహిమను అందరికీ వివరిస్తున్నాను. టప్పుమని చప్పుడైంది. చూస్తే అతుకు పక్కనే జానెడు కొత్త పగులు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బాషా మాత్రం నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నీ కంప్యూటర్లో బోల్టులు యాడ పెట్టినావప్పా?"

పెట్టలేదు. లెక్క త్వరగా తేలుతుందని చట్రాన్ని నలువైపులా వదిలేశాను. అందులో ఇనుము హాయిగా ముడుచుకుంది. ఇక్కడ ఎనిమిది బోల్టులు దాన్ని బిగించి పట్టుకున్నాయి. అదే చెప్పాను, తల వంచుకుని.

"అంటే గాల్లో ఏలాడేదానికి లెక్క కట్టినావు" అన్నాడు నెమ్మదిగా. "ఇది నేల మీదుండాది. లేసి స్పానర్ అందుకో."

రెండు రోజులు ఆయన పక్కనే కూర్చుని బొగ్గులకు గాలి విసిరాను. అతుకు ఎక్కడ ఆపుతున్నాడో, ఎందుకు ఆపుతున్నాడో ఏదీ దాచకుండా చెప్పాడు. మిషన్ తిరిగింది. అడుగున ఉన్న కొంత చెరకు పులిసింది గానీ, మిగిలిందంతా బెల్లమైంది. హాస్టల్‌కు వెళ్లి బోల్టులు పెట్టి మళ్లీ లెక్క వేస్తే, సరిగ్గా పగిలిన చోటే బొమ్మ ఎర్రబడింది. నా ప్రాజెక్టును మా సారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు బాషాభాయ్‌ది. నా వల్ల తన చేతిపనికి మచ్చ వచ్చినా, పుత్తూరులో ఒక్కరికీ నా పేరు చెప్పలేదు ఆ మహానుభావుడు. ఆయన మేలు నేను మరవలేను.

మిషన్ తిరిగిన రోజు నేను తిరుపతికి బయల్దేరేటప్పుడు మామ వేడి బెల్లం ముద్ద చేతిలో పెట్టాడు. "మళ్లా ఇది పగిలితే ముందు బాషాకు సెప్తా అల్లుడా" అన్నాడు ఆప్యాయంగా. "నీకు బాగైనాక సెప్తా."

కావున యావన్మంది చెరకు రైతులకు తెలియజేయునది ఏమనగా: బోల్టులెక్కడున్నాయో చేత్తో తడిమి చూడనిదే, ఈ జన్మలో ఏ ఇనుప ముక్క తరఫునా నేను హామీ ఉండను.