దేవునికి తప్ప ఎవ్వరికి చెప్ప

ఎల్.బి.నగర్‌లో, పెద్ద రోడ్డు రొద సగానికి తగ్గి వినిపించే ఒక గల్లీలో ఆడపిల్లల క్రైస్తవ బోర్డింగు స్కూలు ఉంది. అందులో ప్రసన్న అసిస్టెంటు వార్డెను. పిల్లలు ప్రసన్నక్క అంటారు. ఇరవై ఐదేళ్ల మనిషి. పొద్దున ఐదున్నరకు గంట కొడుతుంది, పేలు పడ్డ తలలకు మందు రాస్తుంది, జ్వరమొచ్చిన పిల్లకు జావ కాచి తాగిస్తుంది. ఆమె గురించి ఎవరిని అడిగినా మంచి పిల్ల అంటారు. ఆ పైన చెప్పడానికి ఎవరికీ ఏమీ తోచదు. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం ఒకటి గమనిస్తారు. శనివారం ఫెలోషిప్పులో ప్రసన్నక్క చాపలు పరుస్తుంది, పాటకు కంజీర కొడుతుంది, ప్రార్థన అనగానే వెనక గోడ దగ్గరికి వెళ్లి తల వంచుకుంటుంది. నోరు మాత్రం తెరవదు.

ఒకప్పుడు ఆ పిల్లకున్న ఆస్తల్లా ఆ నోరే.

ప్రసన్నది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. తండ్రి మట్టయ్య లారీ మీద పోయేవాడు, ఒకసారి పోయినవాడు మళ్లీ రాలేదు. తల్లి అంజమ్మ చర్చి ఊడ్చేది. అంజమ్మకు అక్షరం ముక్క రాదు గానీ, ప్రార్థనకు నిలబడిందంటే పాస్టరుగారే గడియారం చూసుకునేవారు. ఆ పాస్టరు చలవతోనే ప్రసన్నకు ఆరో తరగతిలో బోర్డింగు సీటు దొరికింది.

బోర్డింగంటే అందరూ అక్కచెల్లెళ్లలా ఉంటారని బయటివాళ్లు అనుకుంటారు. ఊళ్లో ఉన్నట్టే అక్కడా వాడలుంటాయి. నెలకోసారి, రెండో ఆదివారం, తల్లిదండ్రులు చూడటానికి వస్తారు. ఎవరి అమ్మ ఎంత పచ్చడి తెచ్చింది, ఎవరి నాన్న బండి మీద వచ్చాడు, ఎవరికి కొత్త క్లిప్పులొచ్చాయి అన్నదాన్ని బట్టి ఆ నెలంతా ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో తేలిపోతుంది. ప్రసన్న కోసం ఎవరూ వచ్చేవారు కాదు. చదువు అంతంత మాత్రం. ఎవరి సెట్టులోనూ ఆమెకు చోటు లేదు. అన్నం దగ్గర చివరి బల్ల, స్నానం దగ్గర చివరి బకెట్టు.

ఎనిమిదో తరగతిలో ఒక శనివారం ప్రార్థన చేసే అక్కకు గొంతు పోయింది. వార్డెను వేదవతి టీచరు చుట్టూ చూసి, "నువ్వు రామ్మా," అని ప్రసన్నను లేపింది. ఆ పిల్ల కళ్లు మూసుకుంది. లోపలి నుంచి అంజమ్మ గొంతు బయటికొచ్చింది. ఆమె ఆమెన్ అనేసరికి సగం మంది పిల్లలు ముక్కులు తుడుచుకుంటున్నారు.

ఆ ఫెలోషిప్పుకొక పద్ధతి ఉంది. సాయంత్రం టీ అయ్యాక భోజనాల హాల్లో నలభై మంది చేరతారు. పాట, వాక్యం అయ్యాక ఒక్కొక్కరే లేచి తమ ప్రార్థన అంశం చెప్పుకుంటారు. లెక్కల పరీక్ష, తమ్ముడి కాలు, నాన్న తాగుడు, ఏదైనా సరే. చివర ఒకరు నిలబడి అందరి కోసం పేరు పేరునా ప్రార్థించాలి. "పేరు లేని ప్రార్థన అడ్రసు లేని ఉత్తరమమ్మా," అనేది వేదవతి టీచరు. ప్రసన్న కాగితం పట్టుకునేది కాదు. నలభై పేర్లు, నలభై కష్టాలు, ఒక్కటి వదలకుండా, ఒక్కటి తారుమారు కాకుండా చెప్పేది. అంతవరకు ఆమెను కన్నెత్తి చూడనివాళ్లు పరీక్షల ముందు పక్కన చోటు ఉంచి పిలవసాగారు. ఆ సంతోషాన్ని ప్రసన్న భక్తి అనుకుంది. నన్నడిగితే అందులో సగం ఆకలి.

తొమ్మిదిలో యాదలక్ష్మి వచ్చింది. పోచంపల్లి వైపు నేతపని కుటుంబం. తండ్రి బాలనర్సయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్, కొత్తపేటలో కిరాయి గదిలో ఉండేవాడు. అమ్మ భీవండిలో అమ్మమ్మ దగ్గరుండి మిల్లు పనికి పోతుందని ఆ పిల్ల అందరికీ చెప్పింది. వాళ్లు హిందువులు. ఫెలోషిప్పుకు రావాలన్న నియమం లేకపోయినా యాదలక్ష్మి వచ్చేది, ప్రసన్న పక్కన కూర్చోవడానికి. ఇద్దరూ ఒకే బకెట్టులో బట్టలు పిండుకునేవారు, ఒకరి తలకొకరు నూనె రాసుకునేవారు.

"నువ్వు కండ్లు మూస్తే మస్తుంటవే. తెరిస్తేనే పరేషాన్ మొఖం," అని యాదలక్ష్మి ఆటపట్టించేది.

ప్రార్థనతో పని లేకుండా ప్రసన్న దగ్గరికొచ్చిన మొదటి మనిషి ఆమే. ప్రసన్న ఆ స్నేహాన్ని ప్రాణంలా చూసుకుంది. ఈ మాట అబద్ధం కాదు, తర్వాత జరిగింది ఎలాంటిదైనా.

ఆదివారాలు పిల్లల్ని ఇద్దరిద్దరిగా వరస కట్టించి కొత్తపేట చర్చికి నడిపించేవారు. అప్పటికింకా పండ్ల మార్కెట్ అక్కడే ఉంది. ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం, కుళ్లిన మామిడికాయల వాసనకు పిల్లలంతా ముక్కులు మూసుకుని నడుస్తుండగా, యాదలక్ష్మి ప్రసన్న చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మ భీవండిల లేదు. ఎర్రగడ్డ దవాఖానల ఉంది. మూడేండ్లాయె."

ఎర్రగడ్డ అంటే ఏమిటో ఈ నగరంలో పసిపిల్లకు కూడా తెలుసు. మతి తప్పినవాళ్లను చేర్చే ఆసుపత్రి ఉన్న చోటు కనక, తిట్టాలనుకున్నవాళ్లు ఆ ఊరి పేరే తిట్టు చేసుకున్నారు.

"ముందు బడిల తెలిసి నన్ను సతాయించిన్రు," అంది యాదలక్ష్మి. "అందుకే గీడికొచ్చిన. ఈడ గూడ తెలిస్తే ఇగ నేను చదువుడు బంద్. మా నాయినకు ఇంకో బడి ఎతికే ఓపిక లేదు. ఎవ్వరికి చెప్పకు."

"దేవునికి తప్ప ఎవ్వరికి చెప్ప," అంది ప్రసన్న.

మూడు వారాలు ఆ మాట నిలబెట్టుకుంది. పడుకునే ముందు దుప్పట్లో మొహం పెట్టుకుని, పెదవులు కూడా కదపకుండా ఆ తల్లి కోసం ప్రార్థించేది.

నాలుగో శనివారం మలక్‌పేట నుంచి విద్యార్థుల ఫెలోషిప్పు అక్క ఒకామె వచ్చింది. కాలేజీ చదివిన మనిషి, గిటారు వాయిస్తుంది. ధైర్యంగా అడగాలని, దాచుకుని అడిగేది సగం నమ్మకమేనని అరగంట చెప్పింది. తర్వాత వేదవతి టీచరు, "మా ప్రసన్న ప్రార్థన చేస్తుంది, చూడండి," అంది. చూడండి అన్న ఆ మాటలోనే ఉంది తంటా అంతా.

ప్రసన్న నిలబడింది. ఆ రోజు మాట వరదలా వచ్చింది. ఒక్కొక్క పేరుకూ హాల్లో ఏడుపు పెరుగుతోంది. గిటారక్క "అవును ప్రభువా" అంటోంది. యాదలక్ష్మి పేరొచ్చింది. మామూలుగా ఆ పేరు దగ్గర చదువులో తోడుండు తండ్రీ అని ముగించేది. అంత హోరులో ఆ మాట చప్పగా ఉంటుందనిపించింది.

"యాదలక్ష్మి తల్లిని జ్ఞాపకం చేసుకో ప్రభువా. మూడు సంవత్సరాలుగా ఎర్రగడ్డ దవాఖానలో మతి లేక పడి ఉన్న ఆ తల్లిని ముట్టు తండ్రీ."

నోరు జారిందని తర్వాత అందరూ అన్నారు. జారలేదు. మాట నాలుక మీదికి వచ్చినప్పుడు ప్రసన్నకు తెలుసు, ఆపడానికి వ్యవధి కూడా ఉంది. ఆపలేదు. నలభై గొంతులు కలిసి ఆమెన్ అన్నాయి.

కళ్లు తెరిచేసరికి యాదలక్ష్మి ఆమెనే చూస్తోంది. ఎప్పటి నుంచి చూస్తోందో. గిటారక్క వచ్చి ప్రసన్నను కావలించుకుని, "ఎంత భారంతో ప్రార్థించావు చెల్లీ," అంది.

చేతులు కడుక్కునే నల్లాల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"నేను దేవునికే చెప్పిన," అంది ప్రసన్న.

"దేవుని తోటి ఇంకో నలభై మంది ఉన్నరు గద," అంది యాదలక్ష్మి.

ఎవరూ ఏమీ అనలేదు, మొదట్లో. జాలిపడ్డారు. జాలిపడుతూనే చాపలు జరుపుకున్నారు. ఒక పిల్ల వచ్చి, "అది నీకు గూడ ఒస్తదా?" అని నెమ్మదిగా అడిగింది. బుధవారానికి బకెట్ల వరసలో ఎవరో "ఎర్రగడ్డా, జర జరుగు" అన్నారు. ఆ తర్వాత ఆ పిల్లకు వేరే పేరు లేకుండా పోయింది.

ప్రసన్నకు అన్నం సహించలేదు. ఏడ్చింది, ఉపవాసం ఉంది. చేసిన తప్పు ఎలా దిద్దుకోవాలో ఆమెకు ఒక్కటే దారి నేర్పారు, తప్పు చేసినవాళ్లు అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. తర్వాతి శనివారం నిలబడింది. నా స్నేహితురాలు నమ్మి చెప్పుకున్న మాట బయటపెట్టి పాపం చేశానంది. ఏ మాటో కూడా చెప్పింది, ముందు వారం రానివాళ్లకు అర్థం కావాలి కదా. హాలంతా ఘొల్లుమంది. పిల్లలు లేచొచ్చి ప్రసన్నను పట్టుకుని ఏడ్చారు. మూడో వరసలో యాదలక్ష్మి ఒక్కతే కూర్చుని ఉంది. ఆమెను ముట్టుకున్నవాళ్లు లేరు. ఆ గదిలో ఓదార్పు కావలసింది ఎవరికో ఒక్కరికైనా తోచకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

"క్షమించావా యాదలక్ష్మీ? నోటితో చెప్పు తల్లీ," అని వేదవతి టీచరు అడిగింది.

యాదలక్ష్మి లేచి నిలబడింది. "క్షమించిన టీచర్," అంది. చప్పట్లు కొట్టారు.

రెండో ఆదివారం బాలనర్సయ్య వచ్చి కూతురి పెట్టె భుజాన పెట్టుకున్నాడు. పాపం, ఆయనకు ఎవరివల్ల జరిగిందో తెలియదు. గేటు దగ్గర నిలబడ్డ ప్రసన్నను చూసి, "నువ్వేనా ప్రసన్న? మా పిల్ల నీ ముచ్చట మస్తు చెప్పేది. మంచిగ చదువుకో బిడ్డా," అన్నాడు. యాదలక్ష్మి వెనక్కి తిరగలేదు. వాళ్లిద్దరూ గల్లీ మలుపు తిరిగే దాకా ప్రసన్న గేటు ఊచ పట్టుకుని అక్కడే ఉంది.

ఆ వారం ప్రార్థనకు లేపితే గొంతు రాలేదు. పై వారం కూడా రాలేదు. సాతాను ఈ పిల్ల వరాన్ని ఎత్తుకుపోయాడని వేదవతి టీచరు బాధపడింది, తలకు నూనె రాసి ప్రార్థించింది. కొన్నాళ్లకు అందరూ వదిలేశారు. ప్రసన్న ఇంటరు పాసైంది, డిగ్రీ సగంలో ఆగింది. అంజమ్మ కాలం చేశాక పోవడానికి ఇల్లు లేక బోర్డింగులోనే పనికి కుదిరింది. నోరు మూతపడ్డా లోపలి ప్రార్థన ఆగలేదు. పదకొండేళ్లుగా రోజూ పొద్దుటి గంటకు ముందే మోకాళ్ల మీద కూర్చుని, ఎర్రగడ్డలో ఉన్న ఆ తల్లిని బాగుచేయమని అడిగేది. ఎప్పటికైనా ఆమె కోలుకుని ఇల్లు చేరితే యాదలక్ష్మి తనను నిజంగా క్షమిస్తుందని ఆమె ఆశ. ఆ ఒక్క ఆశ మీదే బతికిందన్నా ఎక్కువ చెప్పినట్టు కాదు.

మొన్న జూన్‌లో కిటికీ తెరలకు గుడ్డ కొనమని పంపితే, మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగింది. ఒక బట్టల దుకాణంలో మెట్లెక్కి వెళ్లేసరికి, తెల్లటి పరుపు మీద చీరలు మడతపెడుతూ యాదలక్ష్మి కనిపించింది. మనిషి ఒళ్లు చేసింది, కళ్లజోడు వచ్చింది. ముందు గుర్తుపట్టింది యాదలక్ష్మే.

"ప్రసన్నా? కూసో. మంచినీళ్లు తాగుతవా?"

ప్రసన్న కూర్చుంది. పదకొండేళ్లు కూడబెట్టిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీ అమ్మ కోసం రోజూ ప్రార్థన చేస్తున్న," అంది. "ఒక్కరోజు గూడ తప్పలే, యాదలక్ష్మీ. ఎట్లుంది అమ్మ?"

యాదలక్ష్మి చేతిలో చీర మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"మా అమ్మ నేను బడి ఇడిసిన యేడే సచ్చిపోయింది. దసరాకు ముంగల."

పక్క కౌంటరులో ఎవరో పెళ్లి చీరలు తీయిస్తున్నారు. ఇన్నేళ్లూ ప్రసన్న లేని మనిషిని బాగుచేయమని అడిగింది.

"నీ మీద కోపం లేదు," అంది యాదలక్ష్మి. "చిన్న పిల్లలం. గని ఒకటి అడుగుత, ఇంటవా?"

"చెప్పు."

"నేను గీడ ఉన్నట్టు, మా అమ్మ సచ్చిపోయినట్టు మీ బోర్డింగుల ఎవ్వరికి చెప్పకు. ప్రార్థనల గూడ నా పేరు తియ్యకు."

"మనసుల గూడనా?"

యాదలక్ష్మి కళ్లజోడు పైకి జరుపుకుంది.

"మనసుల గూడ ఒద్దు. నీకు మనసుల ఉన్నది నోట్లెకొస్తది."

కౌంటరు నుంచి పిలుపొచ్చింది. యాదలక్ష్మి లేచి, పోయొస్తనని తల ఊపి చీరల గుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ప్రసన్న తెర గుడ్డ కొలిపించుకుని, సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

ఆ శనివారం ఫెలోషిప్పులో పిల్లల అంశాలన్నీ అయ్యాయి. వేదవతి టీచరుకు వయసు మీద పడింది, కుర్చీలో కూర్చునే నడిపిస్తోంది. వెనక గోడ దగ్గరున్న ప్రసన్న మొహం చూసి ఆమెకు ఏదో అనుమానం వచ్చింది.

"ఏంటమ్మా ప్రసన్నా, అలా ఉన్నావ్? నీకేమన్నా అంశం ఉందా?"

నలభై తలలు వెనక్కి తిరిగాయి. ఆమె బతుకంతటిలో దుఃఖం చెప్పుకోవడానికి తెలిసిన చోటు అదొక్కటే.

"ఏం లేదు టీచర్," అంది ప్రసన్న.